రెండు స్టేషన్ల నడుమ మన ఊరు

(పెన్‌పహాడ్‌లో జరిగిన మన సంఘ సమావేశంలో ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను “రేడియో, టెలివిజన్ – నాడు, నేడు” అనే అంశం మీద మాట్లాడమన్నారు. నాడు, నేడు అంటూ మొదలుపెడితే మన వయసువాళ్ళం ‘ఆ రోజులే వేరు’ అనే మాట దగ్గర ఆగిపోతాం. ఆ తర్వాత భోజనాల పిలుపే. అందుకని అంశాన్ని నేనే కొంత కుదించుకున్నాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నడుమనున్న ఈ పల్లెలు తొంభై ఏండ్లుగా ఎవరి గొంతు వింటున్నాయి, మన గొంతు వినిపించే స్టేషన్ అంటే ఏమిటి, అది సాధ్యమా అన్నంత వరకే మాట్లాడతాను.

నేను రేడియో శాస్త్రం చదివినవాణ్ణి కాను. నాకు రేడియోతో సంబంధం తపాలా కౌంటరులో కుదిరింది. ఈనాటి పిల్లలకు చెబితే నవ్వుతారు గాని, ఒకప్పుడు ఇంట్లో రేడియో ఉంటే ఏటేటా పోస్టాఫీసుకు వచ్చి లైసెన్సు కట్టాలి. సంవత్సరానికి 15 రూపాయలు. 1980ల నడిమి దాకా ఆ పద్ధతి ఉండేది. ఆ పుస్తకాల మీద ముద్ర వేసే పని కొన్నాళ్ళు నాకు పడింది. ఒకసారి ఒక రైతు, మూసీ కాలువ కింద నాలుగెకరాలు ఉన్నవాడు, పుస్తకం ముందు పెట్టి అడిగాడు: “సారూ, పైసలేమో ఈడ కడుతున్న. ఇదేమో పొద్దుగాల ఐద్రాబాదు మాట్లాడుతది, మాపటికి ఇజీవాడ మాట్లాడుతది. మా ఊరి ముచ్చట ఎప్పుడు చెప్తది?”

నేను ముద్ర వేసి, చిల్లర లెక్కపెట్టి, “తరువాత వారు రండి” అన్నాను. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. ఉద్యోగంలో ఉండగా దాన్ని గురించి ఆలోచించనూ లేదు.

ఆ రైతు అన్నది అక్షరాలా నిజం. మన ప్రాంతం హైదరాబాదుకూ విజయవాడకూ దాదాపు సగం దారిలో ఉంది. రేడియో ముల్లు 738 దగ్గర ఉంటే హైదరాబాదు, 837 దగ్గర ఉంటే విజయవాడ. రెండూ బలమైన మీడియం వేవ్ స్టేషన్లే, రెండూ మన ఇంట్లో చక్కగా పలికేవి. ఇక పాటల పిచ్చి ఉన్నవారికి షార్టు వేవ్ మీద సిలోన్, మీనాక్షి పొన్నుదురై గారి గొంతు. సముద్రం అవతలి ద్వీపం నుంచి మన సినిమా పాటలు వింటున్నామనే వింత ఆనాడు ఎవరికీ తట్టలేదు.

ఈ రెండు స్టేషన్ల పుట్టుకలే వేరు. హైదరాబాదుది దక్కన్ రేడియో. 200 వాట్ల చిన్న యంత్రంతో మొదలై, 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ప్రధానంగా ఉర్దూ. తెలుగు, మరాఠీ, కన్నడం పక్క వాకిట్లో నిలబడ్డ చుట్టాల లాంటివి. 1948 సెప్టెంబరు 17 సాయంత్రం నిజాం స్వయంగా రేడియోలో మాట్లాడి యుద్ధం ఆగిందని ప్రకటించారు. నల్లగొండ జిల్లాలో రైతులు అంతకు రెండేళ్ళ ముందు నుంచే పోరాడుతున్నారు. ఇక్కడ ఊరూరా జరుగుతున్నది ఆ రేడియోలో ఎంత వినిపించి ఉంటుందో మీరే ఊహించండి. మా నాయన చెప్పేవారు, మాకు వార్త ఎద్దుల బండి మీద వచ్చేది, రేడియో మీద కాదు అని. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. అంతకు ముందు ఆంధ్ర ప్రాంతంవారికి 1938లో పెట్టిన మద్రాసు కేంద్రమే దిక్కు. బాలాంత్రపు రజనీకాంతరావు గారి వంటివారు అక్కడి నుంచే వచ్చారు. రేడియో అన్నయ్య, అక్కయ్య, అంటే న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు కూడా మద్రాసులో మొదలుపెట్టి తరువాత హైదరాబాదు వచ్చినవారే. ఉషశ్రీ గారు ధర్మసందేహాలు చెబుతుంటే మా వీధిలో నాలుగిళ్ళవారు ఒకే అరుగు మీద కూర్చునేవారు. హైదరాబాదు కార్మికుల కార్యక్రమంలో రాంబాబు, చిన్నక్క మాట్లాడుకుంటుంటే మన ఇంట్లో మనిషి మాట్లాడినట్టుండేది. ఢిల్లీ నుంచి అద్దంకి మన్నార్ గారు వార్తలు చదవగానే గడియారాలు సరిచేసుకునేవాళ్ళం. ఇవన్నీ నేను కాదనను. ఆ కేంద్రాలలో పనిచేసినవారికి మనం రుణపడి ఉన్నాం.

వ్యవసాయం సంగతి మరీ చెప్పాలి. 1966లో ఆకాశవాణి వ్యవసాయ, గృహ ప్రసారాల విభాగాలు పెట్టింది. తమిళనాడులో తంజావూరు ప్రాంతంలో రేడియో విని వేసిన ఒక కొత్త రకం వరికి జనం ‘రేడియో వరి’ అని పేరు పెట్టారట. మనకు అదే కాలంలో, 1967 ఆగస్టు 4న, నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. మూసీ ప్రాజెక్టు అప్పటికే, 1963లో, పూర్తయింది. మెట్ట సేద్యం తప్ప తెలియని మనవాళ్ళకు ఒక్కసారిగా వరి నాట్లు, యూరియా, పురుగు మందులు వచ్చిపడ్డాయి. ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి అన్నది చాలామందికి చెప్పింది పంచాయతీ ఆఫీసు గోడకున్న రేడియోనే.

కాని చూడండి. ‘కోస్తా జిల్లాల రైతులకు సూచన’ అని విజయవాడ చెప్పేది. ‘తెలంగాణలో అక్కడక్కడా జల్లులు’ అని హైదరాబాదు చెప్పేది. ఆ ‘అక్కడక్కడా’లో పెన్‌పహాడ్ ఉందా లేదా అన్నది మబ్బును చూసి మనమే తేల్చుకోవాలి. కాలువ చివరి భూములకు వారబందీ ఏ రోజు, సూర్యాపేట మార్కెట్టులో పెసలు నిన్న ఎంతకు పోయాయి, మిర్యాలగూడ మిల్లులవారు ఏ రకం వడ్లు కొంటున్నారు, ఇవి మనకు కావలసిన వార్తలు. రాష్ట్రమంతటికీ మాట్లాడే స్టేషను అవి చెప్పలేదు. అది దాని తప్పు కాదు, దాని పని వేరు.

ఈ లోటు ప్రభుత్వానికీ తెలిసింది. 1984 అక్టోబరులో తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో మొదటి స్థానిక రేడియో కేంద్రం పెట్టారు. ఒక జిల్లాకు, దాని చుట్టుపట్లకు మాత్రమే వినిపించే స్టేషన్ అన్నమాట. ఆ వరుసలోనే మన వైపు ఆదిలాబాదు, కొత్తగూడెం, వరంగల్లు, నిజామాబాదు కేంద్రాలు 1986 నుంచి 1990 లోపల వచ్చాయి. కొత్తగూడెంలో గనుల కార్మికులున్నారు, ఆదిలాబాదులో గిరిజన గూడేలున్నాయి, అవి రావలసినవే. నల్లగొండ జిల్లా మాత్రం ఆ వరుసలో లేదు. కారణం నేను ఎక్కడా చదవలేదు. ‘వాళ్ళకు రెండు వైపులా వినిపిస్తూనే ఉంది కదా’ అనుకుని ఉంటారని నా ఊహ. రెండు పెద్ద చెట్ల నడుమ ఉన్నవాడికి నీడకేం కొదవ అనుకోవడం సహజం. ఆ నీడన మొక్క మొలవదన్నది తరువాత తెలుస్తుంది.

టెలివిజన్ మాట త్వరగా ముగిస్తాను. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ చూపించారు. మన రాష్ట్రం కూడా అందులో ఉంది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రాన్ని నీలం సంజీవరెడ్డి గారు ప్రారంభించారు. మనకు ఆ బొమ్మ అందాలంటే ఇంటి మీద ఇనుప గొట్టం, దాని మీద అల్యూమినియం యాంటెన్నా, గాలి వచ్చినప్పుడల్లా దాన్ని తిప్పేందుకు ఒక పిల్లవాడు. “వచ్చిందా? రాలేదు. ఇటు తిప్పు” అనే కేకలు మీ ఇళ్ళలోనూ వినబడే ఉంటాయి.

కేబుల్ వచ్చాక ఒక చిత్రం జరిగింది. ఉపగ్రహ చానళ్ళతో పాటు ఊళ్ళోని ఆపరేటరు దగ్గర ఒక ఖాళీ చానల్ ఉండేది. దానిలో అద్దె సినిమా వేసేవాడు. నడుమ చీరల దుకాణం ప్రకటన. అలాగే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర, జాన్‌పహాడ్ ఉర్సు, వీధిలో బతుకమ్మ. కెమెరా ఊగుతూ ఉండేది, మాట సరిగా వినపడేది కాదు. అయినా మా ఇంట్లో ఆడవాళ్ళు పెద్ద చానళ్ళు వదిలిపెట్టి అదే చూసేవారు. ఎందుకంటే దానిలో తాము కనిపిస్తారు. ఎవరూ పథకం వేయకుండా, ఏ మంత్రీ ప్రారంభించకుండా మనకు దొరికిన మొదటి స్థానిక స్టేషన్ అదేనని నా అభిప్రాయం. 2017 నాటికి పల్లెల దాకా సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి అయ్యాయి. మా ఊళ్ళో ఆ ఖాళీ చానల్ దాంతోపాటే పోయింది.

ఇక్కడ ఒక దూరదేశం కథ చెప్పాలి, విసుక్కోకండి. మన సంఘంలో అమెరికా వెళ్ళిరానివారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు కనుక మీకు కొత్తగా ఉండదు. మా అమ్మాయి వాళ్ళు ఉండేది న్యూజెర్సీ రాష్ట్రంలో. మనవాళ్ళు అక్కడ ఎంతమంది ఉన్నారంటే, ఎడిసన్‌లో కూరగాయల అంగడిలో గోంగూర కట్ట కోసం తెలుగులో బేరమాడవచ్చు. అక్కడ ఆరు నెలలు కూర్చోబెడితే నాకు తోచక వాళ్ళ రేడియోలు, టీవీలు తిప్పుతూ కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, ఆ రాష్ట్రానిదీ మన గోడే అని.

న్యూజెర్సీకి ఒక వైపు న్యూయార్కు, మరో వైపు ఫిలడెల్ఫియా. పెద్ద స్టేషన్లన్నీ ఆ రెండు నగరాలవే. న్యూజెర్సీవారు ఆ రెండింటినీ వింటారు, వాళ్ళ సంగతి ఆ రెండింటిలోనూ తక్కువే. మొదట్లో ఇలా లేదు. అక్కడి నెవార్క్ నగరంలో 1921లో ఒక మీటర్ల ఫ్యాక్టరీ మీద డబ్ల్యు.జె.జెడ్. అనే రేడియో స్టేషన్, 1922లో ఒక పెద్ద దుకాణంలో డబ్ల్యు.ఓ.ఆర్. అనే మరొక స్టేషన్ మొదలయ్యాయి. మొదటిది రెండేళ్ళకే న్యూయార్కు వెళ్ళిపోయింది. రెండవదీ క్రమంగా న్యూయార్కు స్టేషనే అయింది. నెవార్క్ పేరున ఉన్న 13వ నంబరు టీవీ చానల్ కూడా 1962లో న్యూయార్కు విద్యా చానల్‌గా మారిపోయింది. లైసెన్సులో ఊరు పేరు నెవార్కే, కార్యక్రమం న్యూయార్కుది.

అమెరికాలో ఒక నియమం ఉంది. ప్రతి స్టేషనూ గంటకొకసారి తన పేరూ, తనకు లైసెన్సు ఇచ్చిన ఊరి పేరూ చెప్పాలి. ఏ ఊరి పేర లైసెన్సు తీసుకుంటే ఆ ఊరికి సేవ చేయాలన్నది దాని వెనకనున్న ఆలోచన. మంచి ఆలోచన. కాని ఊరి పేరు చెప్పడం వేరు, ఊరి సంగతి చెప్పడం వేరు. 1980లలో ఆ రాష్ట్రపు సెనేటరు బిల్ బ్రాడ్లీ గారు పట్టుబట్టి చట్టం చేయిస్తే, 1983లో న్యూయార్కు తొమ్మిదో నంబరు చానల్ లైసెన్సు న్యూజెర్సీలోని సెకాకస్ అనే ఊరికి మారింది. ఆ తర్వాత కూడా ఆ చానల్ చూపు ఎక్కువగా నది అవతలికే. ఇక రాష్ట్ర ప్రభుత్వం తానే ఒక సంస్థ పెట్టి 1971 నుంచి న్యూజెర్సీ కోసం టీవీ నడిపింది. డబ్బు భారమని 2011 జూన్ 30న దానిని వదులుకుంది. ఆ పని వేరేవారి చేతికి వెళ్ళింది. మరుసటి ఏడు అక్టోబరులో శాండీ తుపాను వచ్చి ఆ రాష్ట్రపు తీరాన్ని ఊడ్చేసింది.

అంత డబ్బున్న రాష్ట్రానికే ఇలా అయితే మనకు సిగ్గుపడవలసినదేమీ లేదని మొదట ఊరట కలిగింది. మన దగ్గర ఎవరైనా ఏమైనా చేశారా అని ఇంటికి వచ్చాక వెతికాను. దొరికింది. అదీ మన తెలంగాణలోనే, జహీరాబాదు దగ్గర మాచనూరులో.

అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. దాని సంఘాలలోని మహిళలు, ఎక్కువమంది దళిత మహిళలు, కొర్రలు, జొన్నలు, పాత విత్తనాలు కాపాడుకునే పని చేస్తున్నారు. 1998లో యునెస్కో సాయంతో వారికి స్టూడియో కట్టారు. కాని గాలిలోకి వదలడానికి లైసెన్సు లేదు. అంతకు మూడేళ్ళ ముందే, 1995 ఫిబ్రవరి 9న, సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు ఒకరు. ఆస్తి ప్రజలదే గాని తాళంచెవి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అంతవరకు ఆ మహిళలు ఏం చేశారనుకున్నారు? కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ టేపులు సంఘం సమావేశాల్లో వినిపించారు. పదేళ్ళు! మనలో ఎవరికైనా అంత ఓపిక ఉందా?

2002లో విద్యాసంస్థలకు మాత్రం అనుమతి ఇచ్చారు. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకూ ఇచ్చారు. 2008 అక్టోబరు 15న మాచనూరు సంగం రేడియో 90.4 మీద గాలిలోకి వచ్చింది. విద్యాసంస్థలది కాని కమ్యూనిటీ రేడియో దేశంలో అదే మొదటిది అంటారు. నడిపినవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ. ఒకే పేరు గల ఇద్దరు పల్లెటూరి యువతులు. వాళ్ళు మాట్లాడింది పుస్తకాల తెలుగు కాదు, జహీరాబాదు మాట. విత్తనం ఎట్లా దాచాలి, ఏ పండుగకు ఏ పాట, పిల్లకు జ్వరం వస్తే ఏం చేయాలి. ముసలమ్మలు పాడిన పాటలు భద్రపరిచారు. లేకుంటే అవి వారితోనే పోయేవి.

దీనిని గురించి చదువుతుంటే నాకు లైసెన్సు పుస్తకం పెట్టిన ఆ రైతు గుర్తుకువచ్చాడు.

ఇది ముచ్చటగా వినిపించే విషయమని మీరు అనుకోకుండా 2024 సెప్టెంబరు 1వ తేదీ గుర్తు చేస్తాను. ఆదివారం. ముందు రాత్రంతా వాన. కోదాడ మునిగింది. నడిగూడెం మండలంలో రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. హైవే మీద రాకపోకలు ఆగాయి. అదే రోజు ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు. టీవీ పెడితే ఆ రెండు నగరాలే. అవి పెద్ద కష్టాలు, చూపవలసినవే. కాని మా మేనల్లుడు భార్యాపిల్లలతో కోదాడ నుంచి కారులో బయలుదేరి ఉన్నాడు. ఏ వాగు మీద దారి ఉంది, ఏ కల్వర్టు తెగింది అని చెప్పేవారు లేరు. ఫోనులో ఒకరు దారి ఉందంటారు, ఇంకొకరు లేదంటారు. ఎవరో పంపిన వీడియో చూసి మా చెల్లెలు ఏడ్చింది. తీరా అది వేరే ఏడు, వేరే ఊరు వీడియో. మధ్యాహ్నానికి ఫోనులే మూగబోయాయి. ఆ పిల్లలు రాత్రంతా దారిలో ఒక రైసు మిల్లులో తలదాచుకుని మరునాడు ఇల్లు చేరారు. వారిది అదృష్టం. ఆ వానలో అందరికీ ఆ అదృష్టం లేకపోయింది.

బ్యాటరీతో నడిచే చిన్న రేడియో, పది పదిహేను కిలోమీటర్ల లోపల మాట్లాడే ఒక స్టేషను, దానిలో వాగుల పేర్లన్నీ తెలిసిన మనిషి ఉంటే ఆ రోజు ఎంత తేడా ఉండేదో లెక్క వేసుకోండి.

ప్రభుత్వం ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లు పెంచుతూనే ఉంది. 2023 ఏప్రిల్ 28న ప్రధానమంత్రి గారు 100 వాట్లవి 91 ఒకే రోజు ప్రారంభించారు. సంతోషమే. అయితే మరొక చోటి కార్యక్రమాన్ని అందుకుని వదిలేది ట్రాన్స్‌మిటరు. ఇక్కడి మనిషి కూర్చుని ఇక్కడి సంగతి మాట్లాడేది స్టేషను. ఈ రెంటినీ మనం ఒకటిగా చూస్తున్నాం. మన ఊళ్ళో స్తంభం లేస్తే మన స్టేషన్ వచ్చిందనుకుంటున్నాం. నెవార్క్‌వారూ అలాగే అనుకున్నారు.

కమ్యూనిటీ రేడియోకు నియమాల ప్రకారం ప్రసార బలం సాధారణంగా 100 వాట్లు, యాంటెన్నా ఎత్తు 30 మీటర్లకు మించరాదు. కనీసం మూడేళ్ళు సేవ చేసిన రిజిస్టర్డు సంస్థ అయి ఉండాలి. కార్యక్రమాలలో సగమైనా స్థానికంగా తయారుచేయాలి. కృషి విజ్ఞాన కేంద్రాలు కూడా అర్హులే. గడ్డిపల్లిలో అటువంటి కేంద్రం ఉందని మీకందరికీ తెలుసు. సొంతంగా వార్తలు చెప్పడానికి వీలులేదు, ఆకాశవాణి వార్తలు ఉన్నవి ఉన్నట్టు వేయవచ్చు. ఈ వార్తల నిషేధం నాకు నచ్చదు. పేపరు పెట్టుకోవచ్చు, చానల్ పెట్టుకోవచ్చు, పది ఊళ్ళకు వినబడే రేడియో మాత్రం వార్త చెప్పకూడదు! అయినా వాతావరణం, దారులు, కరెంటు, నీళ్ళు, ప్రభుత్వం చేసే ప్రకటనలు వార్తల లెక్కలోకి రావన్నారు. మనకు కావలసినవి చాలావరకు అవే.

ఖర్చు మాట వస్తుంది. వస్తుందని తెలుసు. మాచనూరుకు యునెస్కో వచ్చింది, మనకెవరొస్తారు అని అడుగుతారు. నిజమే. నేను డబ్బు సంగతి ఈరోజు తేల్చలేను. మాచనూరువారు మొదట చేసిన పని మాత్రం డబ్బు లేకుండా చేయవచ్చు. రికార్డు చేయడం. ఇప్పుడు టేపు కూడా అక్కరలేదు, అందరి జేబులో ఫోను ఉంది. మనలో రిటైరయిన లస్కర్లు ఉన్నారు, ఏ తూము ఎప్పుడు ఎత్తేవారో వారికి కంఠతా. పశువుల డాక్టరు గారు ముందు వరుసలో ఉన్నారు. నాట్ల పాటలు పాడగల అమ్మలు ఇద్దరు నాకు తెలుసు. ఇద్దరికీ ఎనభై దాటాయి.

నియమాల ముఖ్యాంశాలు తెలుగులో రాయించి కార్యదర్శి గారికి ఇచ్చాను. చూడదలచినవారు తీసుకోవచ్చు. మా మనవడి చేత ఒక చిన్న మైకు తెప్పించాను, ఫోనుకు తగిలించేది. భోజనాలయ్యాక పక్క గదిలో కూర్చుంటాను. ముందుగా లస్కరుగా పనిచేసినవారు ఎవరైనా వస్తే మూసీ కాలువ సంగతితో మొదలుపెడదాం.